అన్న వాటా కొంటున్నాను, పన్ను ఎవరికి?

పాఠకుల ప్రశ్నలు, ఆడిటర్ జవాబులు

ప్రశ్న: ఆడిటర్ మేడం గారికి నమస్కారం. మాది మడకశిర దగ్గర పల్లె. మా పెదనాన్న కొడుకూ నేనూ కలిసి 2003లో బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజ్‌లో లేత్ మిషన్ల మీద పనిచేసే టర్నింగ్ షాపు పెట్టాం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. వంద రూపాయల షేర్లు ఇరవై వేలు, చెరి సగం. అన్నయ్యకిప్పుడు 62 ఏళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కలేడు. పిల్లలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, షాపు జోలికి రారు. తన వాటా నన్నే తీసుకోమంటున్నాడు. ఆ డబ్బుతో ఊళ్ళో ఇల్లు కట్టుకుంటాడట. బ్యాలెన్స్ షీటు ప్రకారం అప్పులన్నీ పోను కంపెనీ విలువ 78 లక్షలు, సగానికి 39 లక్షలు. అన్నయ్య కదా అని నేను మర్యాదగా 60 లక్షలు ఇస్తానన్నాను, సరే అన్నాడు. ఇది కాక ఆయన కంపెనీకి చేబదులుగా ఇచ్చిన 25 లక్షలు తిరిగివ్వాలి. నా చేతిలో 20 లక్షలున్నాయి, మిగతా 40 కంపెనీ ఖాతాలోంచి ఇచ్చేద్దామనుకుంటున్నాను. అన్నదమ్ముల మధ్య పన్ను ఉండదని ఒకాయన చెప్పాడు. కంపెనీ ఏమైనా కట్టాలా? ఈ 60 లక్షలు కంపెనీ ఖర్చు కింద రాసుకోవచ్చా? బ్యాలెన్స్ షీటు, షెడ్డు కాగితాలు జత చేశాను. మార్చిలోపు ముగించాలని ఉంది. పేరు వేయకండి.

జవాబు: ఇంకా ఏ కాగితం మీదా సంతకాలు కాలేదనుకుంటాను. కాకపోతే ఆపండి. మీ ఉత్తరం కంటే దాంతో పంపిన షెడ్డు కాగితాలే నన్ను కూర్చోబెట్టాయి. అందులోకి వెళ్ళేముందు తేలికవి తేల్చేద్దాం.

కంపెనీకి పన్నూ లేదు, ఖర్చూ లేదు. షేర్లు మీ అన్నయ్యవి, కొనేది మీరు. డబ్బు మీ జేబులోంచి ఆయన జేబులోకి పోతుంది. కంపెనీ చేసేదల్లా సభ్యుల రిజిస్టర్‌లో ఆయన పేరు కొట్టేసి మీ పేరు రాసుకోవడమే. మీరు ఎంత పెట్టి కొన్నా లేత్‌ల విలువ పుస్తకాల్లో పెరగదు, ఏటా రాసుకునే తరుగుదల (డిప్రిసియేషన్) పెరగదు. షేర్ల మీద జీఎస్టీ లేదు. మీరిచ్చిన డబ్బు మీ సొంత ఫైల్లో కొన్న ధరగా పడి ఉంటుంది. రేపెప్పుడో మీరు అమ్మినప్పుడు పనికొస్తుంది, అంతవరకు ఎందుకూ కొరగాదు. బ్యాంకు అప్పు తెచ్చి కొన్నా ఆ వడ్డీని మీ జీతంలోంచి తగ్గించుకోలేరు. డివిడెండ్ వస్తే దాంట్లోంచి, అదీ డివిడెండ్‌లో 20 శాతం మించకుండా తగ్గించుకునే వీలు 2026 మార్చి దాకా ఉండేది.

అన్నయ్య ఇచ్చిన చేబదులు 25 లక్షలు ఆయన సొమ్మే. అసలు తిరిగొస్తే అది ఆదాయం కాదు. కంపెనీయే ఇవ్వవచ్చు. ఒకటే షరతు, బ్యాంకు ద్వారా ఇవ్వాలి. క్యాష్ వద్దు.

కంపెనీ ఖాతాలోంచి 40 లక్షలు ఇచ్చేయాలన్న ఆలోచన మాత్రం వదిలేయండి. పది శాతమో అంతకు మించో వాటా ఉన్నవాడికి ఇలాంటి కంపెనీ అప్పిచ్చినా, అతని తరఫున ఇంకొకరికి చెల్లించినా, కంపెనీలో పోగుపడిన లాభం మేరకు దాన్ని డివిడెండ్‌గానే లెక్కగడతారు. ఆదాయపు పన్ను చట్టంలో 2(22)(ఇ) సెక్షన్ అంటారు. మీ 78 లక్షల్లో మూలధనం 20 పోగా పోగుపడిన లాభం 58. మీరు తీయబోయేది 40. అంటే మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది, 30 శాతం శ్లాబులో 12 లక్షలకు పైగా పన్ను. తర్వాత మీరు కంపెనీకి ఆ డబ్బు తిరిగి కట్టేసినా ఆ పన్ను వెనక్కి రాదు. డైరెక్టరుకు కంపెనీ అప్పివ్వడం మీద కంపెనీల చట్టం 185వ సెక్షన్‌లో ఉన్న ఆంక్షలు దీనికి అదనం.

ఇక అన్నదమ్ముల సంగతి. మన ఇళ్ళలో పెదనాన్న కొడుకును పెదనాన్న కొడుకని ఎవరు పిలుస్తారు? మీరే ఉత్తరంలో మొదట ఒక్కసారి అలా రాసి, ఆ తర్వాత చివరిదాకా అన్నయ్య అనే రాశారు. ఆదాయపు పన్ను చట్టానికి ఆ వరస తెలీదు. తక్కువ ధరకో ఊరికేనో ఆస్తి పుచ్చుకున్నవాడికి పన్ను వేసే 56(2)(ఎక్స్) సెక్షన్‌లో బంధువులంటే ఎవరో జాబితా ఉంది. భార్యాభర్తలు, తోబుట్టువులు, భార్య లేదా భర్త తోబుట్టువులు, అమ్మానాన్నల తోబుట్టువులు, పైతరం కిందితరం వాళ్ళు, వీళ్ళందరి భార్యలూ భర్తలూ. దీని ప్రకారం మీ బావమరిది బంధువు. తోడల్లుడు కూడా బంధువే. పెదనాన్న బంధువు. ఆయన కొడుకు మాత్రం పరాయివాడు! ఇంకో తిరకాసు ఉంది. ఈ వరస పుచ్చుకునేవాడి వైపు నుంచి చూస్తారు. బాబాయి అన్న కొడుక్కి ఇస్తే పన్ను లేదు. అదే అన్న కొడుకు బాబాయికి ఇస్తే ఉంది, ఎందుకంటే బాబాయి జాబితాలో అన్న కొడుకు లేడు. ఈ జాబితా రాసినవాళ్ళు ఏ ఉమ్మడి కుటుంబంలోనూ పెరిగినట్టు లేదు.

సొంత అన్నదమ్ములే అయినా తప్పేది సగమే. కొన్నవాడికి మినహాయింపు ఉంటుంది, అమ్మినవాడికి ఉండదు. అమ్మినవాడిని పట్టుకునే సెక్షన్ వేరు, 50సిఎ. అందులో బంధువుల మాటే లేదు.

ఏమిటీ సెక్షన్లు పట్టుకునేది? ధర. స్టాక్ ఎక్స్ఛేంజిలో లేని కంపెనీ షేరుకు ధర మీరూ మీ అన్నయ్యా అనుకున్నది కాదు, ఆదాయపు పన్ను రూల్ 11యుఎ లెక్కగట్టినది. ఆ లెక్కలో మిషన్లు, సరుకు, రావలసిన బాకీలు పుస్తకాల్లో ఉన్న విలువకే తీసుకుంటారు. కానీ భూమి, కట్టడం ఉంటే వాటికి పుస్తకం విలువ తీసేసి స్టాంపు డ్యూటీకి ప్రభుత్వం కట్టే విలువ వేస్తారు. మన కర్ణాటకలో గైడెన్స్ వాల్యూ అంటామే, అది. 2023 అక్టోబర్ 1న అవి పెరిగాయి కూడా.

మీ బ్యాలెన్స్ షీటులో సైటు, షెడ్డు కలిపి 38 లక్షలు. అప్పట్లో కొన్న ధర. మీరు పంపిన గైడెన్స్ వాల్యూ కాగితం మీద అదే సైటు, షెడ్డు 5 కోట్ల 20 లక్షలు. దానికి మిగతా ఆస్తులు 2 కోట్ల 10 లక్షలు కలిపి, అప్పులు 1 కోటి 70 లక్షలు తీసేస్తే 5 కోట్ల 60 లక్షలు తేలుతుంది. సగానికి 2 కోట్ల 80 లక్షలు. షేరుకు 2,800 రూపాయలు. మీరిస్తానన్నది 600.

ఇప్పుడు 60 లక్షలకే సంతకాలు పెడితే ఏమవుతుందో చూడండి. మీ అన్నయ్య 2 కోట్ల 80 లక్షలకు అమ్మినట్టే లెక్క. వేసిన మూలధనం 10 లక్షలు పోగా లాభం 2 కోట్ల 70 లక్షలు. 24 నెలలు దాటి చేతిలో ఉన్న షేర్లు కాబట్టి దీర్ఘకాలిక లాభం. 2024 జూలై 23 నుంచి దానికి రేటు 12.5 శాతం, ద్రవ్యోల్బణం సర్దుబాటు లేదు. పన్ను 33 లక్షల 75 వేలు. దాని మీద 15 శాతం సర్‌ఛార్జి, ఆపైన 4 శాతం సెస్సు. మొత్తం 40 లక్షల 36 వేలు. చేతికొచ్చిన 60 లక్షల్లో పన్ను పోగా ఆయనకు మిగిలేది 20 లక్షలు కూడా కాదు.

మీ సంగతి ఇంకా ఘోరం. తేడా 2 కోట్ల 20 లక్షలు మీ ఇతర ఆదాయం. 30 శాతం శ్లాబు, 25 శాతం సర్‌ఛార్జి, సెస్సు కలిస్తే పన్ను 80 లక్షలు దాటుతుంది. 60 లక్షల సరుకుకు 80 లక్షల పన్ను. ఒకే తేడా మీద అటు అమ్మినవాడికీ ఇటు కొన్నవాడికీ రెండు దెబ్బలు. ఉన్న ఊరట ఒక్కటే, ఇంత కట్టాక మీ షేర్ల కొన్న ధరను 2 కోట్ల 80 లక్షలుగా ఒప్పుకుంటారు.

ఇదంతా నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. 50సిఎ వచ్చిన కొత్తలో నా క్లయింట్లు ఇద్దరు స్నేహితులు, ఒకరి వాటా ఇంకొకరు ముఖవిలువకే కొనుక్కున్నారు. నేనే బ్యాలెన్స్ షీటు చూసి కాగితాలు తయారుచేశాను. వాళ్ళ షెడ్డు విలువ మార్చాలని తట్టలేదు. అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా ప్రాక్టీసులో ఉన్నదాన్ని, ధర వాళ్ళ ఇష్టమే కదా అన్న పాత అలవాటు పోలేదు. రెండేళ్ళకు నోటీసు వచ్చింది. అమ్మినాయన ఆ కాగితాన్ని మిఠాయి కొట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రాజాజీనగర్‌లో మా ఆఫీసుకొచ్చాడు. బల్ల మీద పెట్టి, మడతలు పోయేలా అరచేత్తో రుద్దాడు. ‘నేనేమీ దాచలేదు కదా మేడం’ అన్నాడు. దాచలేదు. ఆయన పుచ్చుకున్న ప్రతి రూపాయీ బ్యాంకులోనే ఉంది. తప్పు నాది. ఫీజు వెనక్కిచ్చాను గానీ ఆయన కట్టిన పన్ను ముందు అదెంత! అప్పటి నుంచీ షేర్ల మాటతో ఎవరు లోపలికొచ్చినా ముందు షెడ్డు కాగితాలు అడుగుతున్నాను.

మరేం చేయాలి? మీకు సలహాలిచ్చేవాళ్ళు చెప్పబోయేవి కొన్ని ముందే కొట్టేస్తాను. వేరే వాల్యూయర్ చేత రాబోయే లాభాల లెక్కన తక్కువ విలువ రాయించుకుందామంటారు. చేతులు మారే పాత షేర్లకు ఆ పద్ధతి చెల్లదు, పైన చెప్పిన ఆస్తుల లెక్కే. కంపెనీ చేత బైబ్యాక్ చేయిద్దామంటారు, అంటే కంపెనీయే తన షేర్లు వెనక్కి కొనడం. ఏడాదికి 25 శాతం షేర్లు మించి కొనలేదు. పైగా 2024 అక్టోబర్ 1 నుంచి 2026 మార్చి దాకా జరిగిన బైబ్యాక్‌లో వచ్చిన డబ్బంతా డివిడెండ్ కింద శ్లాబు రేటుకు పన్ను, మీ అన్నయ్యకు 12.5 శాతం ఉండదు. కొంత క్యాష్‌గా తీసుకోమంటారు. రెండు లక్షలూ ఆపైన క్యాష్ పుచ్చుకుంటే పుచ్చుకున్నంతా జరిమానా.

ఇంకా తెలివైనవాడు ఒకడొస్తాడు. అన్నయ్య తన షేర్లు వాళ్ళ నాన్నకు, అంటే మీ పెదనాన్నకు బహుమతిగా ఇస్తాడు. పెదనాన్న మీకు బహుమతిగా ఇస్తాడు. రెండు అడుగులూ జాబితాలోవే, పన్ను సున్నా. కాగితం మీద అద్భుతం. అయితే అన్నయ్యకు మీరిచ్చే డబ్బు దేని కింద ఇస్తారు? పన్ను ఎగ్గొట్టడానికే అల్లిన ఏర్పాటును ఒప్పుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు 1985లో మెక్‌డవల్ కేసులోనే చెప్పింది. కోర్టుదాకా ఎందుకు, పెదనాన్నకు కూతుళ్ళుంటే ‘నాన్న పేరు మీదకొచ్చిన షేర్లు బాబాయి కొడుక్కెందుకు పోయాయి’ అని వాళ్ళు అడగరా?

నా మాట వింటే ధరను 2,800 దగ్గరే ఉంచి షేర్ల సంఖ్య తగ్గించండి. 60 లక్షలకు 2,142 షేర్లు వస్తాయి. మార్చి ఆఖరున సగం, ఏప్రిల్ మొదట్లో సగం కొంటే పది రోజుల తేడాలో రెండు ఆర్థిక సంవత్సరాలు దొరుకుతాయి. మీ చేతిలో 20 లక్షలే అంటున్నారు కాబట్టి మార్చిలో 700 షేర్లతో మొదలుపెట్టినా నష్టం లేదు. అన్నయ్యకు ఏ ఏడూ ఆదాయం 50 లక్షలు దాటకపోతే సర్‌ఛార్జి ఉండదు, 2,142 షేర్లకు మొత్తం పన్ను ఏడున్నర లక్షలు. మీకు ఏమీ లేదు. మీ వాటా 60.7 శాతానికి చేరుతుంది, రోజువారీ నిర్ణయాలు మీవే. ఆయనకు మిగిలిన 39 శాతం ఊరికే ఉండదు. స్పెషల్ రిజల్యూషన్‌కు, అంటే సభ్యుల ప్రత్యేక తీర్మానానికి, 75 శాతం ఓట్లు కావాలి కాబట్టి ఆయన్ని కాదని కంపెనీ నియమావళి మార్చలేరు. షేర్లుండటానికి రోజూ షాపు మెట్లెక్కనక్కర్లేదు. తర్వాత వీలైనప్పుడల్లా కొంచెం కొంచెం కొనండి, ప్రతిసారీ అప్పటి గైడెన్స్ వాల్యూతో ధర మళ్ళీ వేయించి.

అన్ని షేర్లూ ఇప్పుడే బదిలీ చేసి డబ్బు మాత్రం వాయిదాల్లో ఇస్తానంటే మన దగ్గర కుదరదు. బదిలీ అయిన ఏడే మొత్తం లాభానికి పన్ను కట్టాలి, డబ్బు చేతికి రాకపోయినా.

ఊళ్ళో ఇల్లు కడతానంటున్నారు కదా, అది మంచి మాట. ఆయనకు ఒక్క ఇల్లే ఉంటే 54ఎఫ్ కింద మినహాయింపు అడగవచ్చు. లాభం మాత్రమే పెడితే చాలదు, అమ్మగా వచ్చిన డబ్బంతా ఇంట్లో పెడితేనే పూర్తి మినహాయింపు, లేకపోతే ఆ నిష్పత్తిలో. కట్టుకోవడానికి మూడేళ్ళు గడువు. రిటర్ను గడువులోపు ఖర్చుకాని డబ్బును క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచాలి. ఎవరైనా 54ఇసి బాండ్లు కొనమంటే వినకండి, అవి భూమి, కట్టడాలు అమ్మినవాళ్ళకే.

చిన్న పనులు కొన్ని. షేర్ల బదిలీకి వాడే ఎస్‌హెచ్-4 ఫారం సంతకమైన 60 రోజుల్లో కంపెనీకి చేరాలి. దాని మీద స్టాంపు ధరలో 0.015 శాతం, లక్షకు 15 రూపాయలు. మార్చి 15 తర్వాత అమ్మితే అన్నయ్య ముందస్తు పన్ను మార్చి 31లోపు కట్టేస్తే వడ్డీ పడదు. బ్యాంకులో ఆయన వ్యక్తిగత పూచీ ఉంటే అది తీయించే కాగితం మొదటి రోజే అడగండి. తర్వాత అడిగితే మేనేజరు బదిలీ అయిపోయి ఉంటాడు. చివరి షేరు కొనే రోజుకి మీ భార్య పేరున ఒక్క షేరైనా ఉండాలి, ప్రైవేట్ కంపెనీకి ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు లేకుండా కుదరదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. నేనిచ్చినవి పాత నంబర్లు.

అడగని మాట ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. 60 లక్షలు మర్యాద ధర అని రాశారు. మీరు మోసం చేస్తున్నారని అనను, మీకూ తెలియకనే 38 లక్షల అంకెను నమ్మారు. కానీ ఇరవై ఏళ్ళు ఆ లేత్‌ల దగ్గర నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషికి ఆ సైటులో సగం ఎంత ఉందో తెలియాలి. నేను వేసిన లెక్క కాగితం ఆయన ముందు పెట్టండి. ఆ తర్వాత ఆయన ఏమన్నా అది మీ ఇద్దరి మాట.

ప్రశ్న: చెన్నై టీ నగర్ నుంచి రాస్తున్నాను. మా తమ్ముడు టెక్సస్‌లో స్నేహితుడితో కలిసి ఒక కార్పొరేషన్ నడుపుతున్నాడు. ఒకరికేమైనా అయితే రెండోవాళ్ళు వాటా కొనేలా ఒప్పందం రాసుకుని ఇన్సూరెన్స్ కూడా తీసుకున్నారు. అక్కడా ఇలాగే రెండు వైపులా పన్నా?

జవాబు: అక్కడా కొన్నవాడికి కొన్న ధర తప్ప ఖర్చు రాదు, కంపెనీ పుస్తకాలు మారవు. అమ్మినవాడికి ఏడాది దాటిన షేర్లయితే ఫెడరల్ పన్ను 0, 15 లేదా 20 శాతం. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. వాయిదాల్లో డబ్బు తీసుకుంటే వచ్చిన ఏడాదికి ఆ ఏడాది లాభం చూపించుకునే వెసులుబాటు ఉంది, మనకు లేనిది.

చూడవలసింది ఇన్సూరెన్స్. సెయింట్ లూయిస్‌లో కానెలీ సోదరుల కంపెనీ ఇలాంటి పాలసీలే తీసుకుంది. 2013లో ఒకాయన చనిపోయాడు. బతికున్న సోదరుడు కొనలేదు, కంపెనీయే ఇన్సూరెన్స్ డబ్బు 30 లక్షల డాలర్లతో ఆ షేర్లు తీసుకుంది. అక్కడి పన్నుశాఖ ఆ 30 లక్షలను కూడా కంపెనీ విలువలో కలిపి ఎస్టేటు పన్ను, అంటే చనిపోయినవాళ్ళ ఆస్తి మీద వేసే పన్ను, అడిగింది. చనిపోయినాయన ఎస్టేటు మీద అదనంగా పడింది 8,89,914 డాలర్లు. 2024 జూన్ 6న అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఒకే మాటగా దాన్ని సమర్థించారు. సోదరులే నేరుగా ఒకరి షేర్లు ఒకరు కొనేలా రాసుకుని ఉంటే ఇది తప్పేదని తీర్పులోనే ఉంది, దానికుండే ఇబ్బందులు దానికున్నా. 2025లో 1 కోటి 39 లక్షల 90 వేల డాలర్ల లోపు ఎస్టేటుకు అక్కడ ఈ పన్ను ఉండేది కాదు కాబట్టి మీ తమ్ముడికి ఇప్పుడే తగలకపోవచ్చు. పాలసీ కంపెనీ పేరున ఉందా, ఒకరి మీద ఒకరు తీసుకున్నారా అని మాత్రం అడిగి చూడండి. కంపెనీ పేరునే అయితే, ఒప్పందం తీసుకుని అక్కడి ఆడిటర్ (సీపీఏ) దగ్గరికి వెళ్ళమనండి.